సుద్దముక్క

అండమాన్‌లోని వండూర్ తీరంలో, ఇసుకలో ఒరిగిన ఎండు మాను మీద కూర్చున్నాను. కాళ్ల దగ్గర తెల్లటి పగడపు ముక్క కనిపించింది. చేతిలోకి తీసుకోగానే మా బడి బ్రదర్ గుర్తొచ్చారు.

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ 1855 నాటి బడి. మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ నడుపుతారు. ఫాదర్లలా గుడిలో పూజ చేయడం వీళ్ల పని కాదు; పిల్లలకు చదువు చెప్పడమే వీళ్ల పూజ. పెళ్లి లేదు, సొంత ఆస్తి లేదు. మా బ్రదర్ తెల్ల అంగీ కుడిచేతి అంచుకు ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. అరిగిపోయిన సుద్దముక్కను కూడా పారేయకుండా జేబులో వేసుకునేవారు.

పగడపు దిబ్బల పాఠం రోజు నల్లబల్ల నిండా ఒక చిన్న జీవిని గీశారు. అది తన కింద సున్నపు గూడు కట్టుకుంటుందని, అది పోయినా గూడు మిగిలి, దాని మీద మరొకటి కట్టుకుంటుందని, అలా దీవులే లేస్తాయని చెప్పారు.

ఇప్పుడు నా ఎదురుగా 1983లో మహాత్మాగాంధీ పేరిట ఏర్పడిన సముద్ర జాతీయ పార్కు, 15 దీవులు. ఆయన వీటిని చూడలేదు. నాకు మాత్రం ఏనాడో చూపించారు.

బిడ్డలు లేని ఆ మనిషి మీద ఎంతమందిమి గూళ్లు కట్టుకున్నామో!

ఇక్కడి పగడాన్ని పట్టుకెళ్లకూడదు. ముక్కను మళ్లీ ఇసుకలో పెట్టేశాను. వేళ్లకు అంటిన తెల్లపొడిని మాత్రం దులుపుకోలేదు.