మనసు రాయి చేసుకోనక్కర్లేదు

"చావులు చూసి చూసి డాక్టర్లకీ, నర్సులకీ మనసు రాయైపోతుంది" అని మీలో చాలామంది అంటూ ఉంటారు. పాతికేళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసిన నేనూ అలా అయిపోవడమే మంచిదనుకునేవాణ్ణి.

2021 మే నెల. కరోనా రెండో విడత. మా ఐ.సి.యు.లో ఒక్క రాత్రే ముగ్గురు పోయారు. తెల్లవారుజామున ఓ చిన్న వయసు నర్సు మందుల బీరువా పక్కన నిలబడి ఏడుస్తోంది. "ఊరుకోమ్మా, అలవాటైపోతుంది" అన్నాను. ధైర్యం చెప్పాననే అనుకున్నాను.

కొన్నాళ్లకి ఆ అమ్మాయి ఏడవడం మానేసింది. రోగులతో మాట్లాడటమూ మానేసింది. వాళ్లని పేరుతో కాక మంచం నంబరుతో చెప్పసాగింది. నా సంగతీ అంతే. నిద్రలో కూడా వెంటిలేటర్ అలారం మోగినట్టుండేది. మా ఆవిడ "అన్నం వడ్డించనా?" అని అడిగినా కసురుకునేవాణ్ణి.

దీన్ని 'బర్నవుట్' అంటారు. ఇది జబ్బు కాదనీ, అదుపులేని పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. లక్షణాలు మూడు: ఓపిక హరించుకుపోవడం, పని మీద విరక్తి, "నావల్ల ఏమీ కావడం లేదు" అనిపించడం.

మమ్మల్ని గట్టెక్కించింది మా హెడ్ నర్సుగారు. డ్యూటీ దిగాక అందర్నీ ఆరుబయట చెట్టు కింద కూర్చోబెట్టి టీ ఇప్పించేవారు. పోయినవాళ్ల పేరు తలచుకుని, గుర్తున్న ఒక్క మాట చెప్పమనేవారు. పది నిమిషాలే. మొదట నాకది చాదస్తమనిపించింది. నాలుగైదు రోజులకి నా గొంతే పూడుకుపోయింది. ఆ రోజు కంటినిండా నిద్రపట్టింది. మర్నాడు ఆ అమ్మాయితో "నేను చెప్పింది తప్పమ్మా" అన్నాను.

డ్యూటీలు సర్దడం, సెలవులివ్వడం పై అధికారుల బాధ్యత. ఇంటివారు చేయగలిగిందీ ఉంది. మీ ఇంట్లో ఆసుపత్రి ఉద్యోగులుంటే, గుమ్మంలోనే ప్రశ్నలు వేయకండి. ముందు స్నానం, భోజనం, నిద్ర. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. "ఇవన్నీ మీకు మామూలేగా" అనకండి. నిద్రలేమి, విసుగు రెండు వారాలు దాటితే మానసిక వైద్యుడికి చూపించండి. బతుకు మీద విరక్తి మాటలు వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ 'టెలి మానస్' నంబరు 14416కి రాత్రయినా, పగలయినా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పటికీ అదే వార్డులో ఉంది. అప్పుడప్పుడు ఏడుస్తుంది. ముఖం కడుక్కుని వచ్చి, రోగిని పేరు పెట్టి పలకరిస్తుంది.