ట్యాంకు మూతకున్న కన్నం

పాత మోపెడ్‌, స్కూటరు, మోటారు సైకిళ్ల పెట్రోలు ట్యాంకు మూతకు సూది మొన పట్టేంత చిన్న కన్నం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చూసి ఉండరు. చూసినవారు కూడా అదెందుకో అడిగి ఉండరు. మన హాస్టలు వార్షికోత్సవ సంచికలో ఆ కన్నం గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాం. ఎందుకంటే ఒక ఏడాది మా ఇంటి బతుకంతా ఆ కన్నం దగ్గరే ఆగిపోయింది.

మాది కంచిలి మండలం జలంత్రకోట. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా నాన్న చదువు రెండో తరగతితోనే ఆగింది. ఆయనకున్న ఆస్తల్లా కొన్ని కొబ్బరి చెట్లు, ఒక పాత మోపెడ్‌. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మా చెట్లూ పోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంతవరకు తినడానికి మిగిలింది మోపెడ్‌ ఒక్కటే. సోంపేట నుంచి ఊళ్లో కొట్లకు సరుకులు చేరవేసి నాన్న రోజులు నెట్టుకొచ్చారు.

అలాంటి సమయంలో బండి మొరాయించింది. కొంత దూరం బాగానే పోయేది. తరువాత ఊపిరాడనట్టు రెండు మూడుసార్లు ఊగి ఆగిపోయేది. పావుగంట నీడన ఉంచితే మళ్లీ స్టార్టయ్యేది. మెకానిక్కు ప్లగ్గు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. చివరకు ఇంజను పని చేయించాలి, మూడు వేలు అవుతుందన్నాడు. "బావూ, కాసేపుంచితే దానంతటదే తగుల్తంది గదా" అని నాన్న రెండుసార్లు చెప్పి చూశారు. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. మూడు వేలు మా దగ్గర లేవు. బండిని పాత ఇనుము కింద అమ్మేసి, నాన్న చెన్నై పనులకు వలస పోవాలనుకున్నారు. అప్పుడు మేము ఇంటర్‌ చదువుతున్నాం. నాన్న వలసపోతే చదువు ఆపి అమ్మకు తోడుగా ఇంటి దగ్గర ఉండాల్సిందే.

సెలవులకు ఇంటికి వచ్చిన రోజుల్లో బండి ఒకసారి దారిలో ఆగింది. పెట్రోలు ఉందో లేదో చూద్దామని నాన్న మూత తిప్పారు. స్స్‌ మని గాలి లోపలికి పోయిన చప్పుడైంది. తొక్కగానే బండి అందుకుంది. మూత తిరగేసి చూస్తే, వాన నీళ్లు దిగకుండా నాన్న పెట్టుకున్న పాలిథిన్‌ ముక్క కనిపించింది. అది నీళ్లనూ ఆపింది, గాలినీ ఆపింది.

నాన్నకు వెంటనే అర్థమైంది. "నూనె డబ్బాకి ఒక్క కన్నమెడితే గుటక గుటకగా పడతాది. రెండోది ఎడితే గదా దార కడతాది. ఇదీ అంతే" అన్నారు. మన ఉద్దానం పిల్లలకు కొబ్బరికాయే పెద్ద పాఠం. ఒక కన్ను పొడిచి బోర్లిస్తే నీళ్లు చుక్క చుక్కగా వస్తాయి. ఇంకో కన్నం పొడిస్తే జారిపోతాయి.

పుస్తకం చెప్పేదీ అదే. 1643లో ఇటలీలో టారిసెల్లి పాదరసంతో గాలికి ఒత్తిడి ఉందని చూపించాడు. ఆ ఒత్తిడి సుమారు 10 మీటర్ల నీటిని నిలబెట్టగలదు. పెట్రోలు తేలిక కనుక 13 మీటర్లకు పైనే నిలబెడుతుంది. పాత మోపెడ్‌లో పెట్రోలు పంపు లేకుండా తన బరువుతోనే కార్బురేటరులోకి దిగుతుంది. ఆ ఎత్తు జానెడు. పెట్రోలు దిగినకొద్దీ ఖాళీ అయిన చోటుకు గాలి రావాలి. రాకపోతే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. నూటికి రెండు వంతులు తగ్గినా చాలు, జానెడు పెట్రోలు దిగకుండా నిలిచిపోతుంది. కాసేపు ఉంచితే మూత అంచుల నుంచి సన్నగా గాలి దూరుతుంది, బండి మళ్లీ కదులుతుంది. నాన్న మెకానిక్కుకు చెప్పిన మాటలోనే జబ్బు పేరు ఉంది.

ఇంట్లో పాత బండి ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సంగతులు గుర్తుంచుకోండి. బండి ఇలా ఆగితే డబ్బు ఖర్చు పెట్టకముందే, బీడీ, అగ్గి దగ్గర లేకుండా చూసుకుని, ఇంజను చల్లబడ్డాక మూత తిప్పండి. చప్పుడై వెంటనే స్టార్టయితే లోపం కన్నంలోనే ఉందని అనుమానించాలి. మూతను విడిగా తీసి సబ్బు నీళ్లతో కడిగి, సన్నని తీగతో దుమ్ము తీసి, బాగా ఆరాక పెట్టండి. కన్నం పెద్దది చేయకండి, వాన నీరు దిగుతుంది. కన్నం లేని వేరే మూత తెచ్చి బిగించకండి. కొత్త బండ్ల సంగతి వేరు. 2017 ఏప్రిల్‌ నుంచి ద్విచక్ర వాహనాలకు బీఎస్‌-4 నిబంధనలు వచ్చాక, పెట్రోలు ఆవిరి బయటి గాలిలో కలవకుండా బొగ్గు గుళికలున్న డబ్బాలోకి పోయి, అక్కడి నుంచి ఇంజనులోకి చేరుతుంది. అయినా ట్యాంకులోకి గాలి రావలసిందే. దారి మాత్రమే మారింది.

మనలో చాలామంది ఇళ్లల్లో మనమే మొదటి చదువరులం. ఊరికి వెళితే దరఖాస్తు దగ్గర నుంచి మందు చీటీ దాకా మన చేతికే ఇస్తారు. అప్పుడు మనం చదివింది చెప్పేముందు వాళ్లు చూసింది చెప్పనిద్దాం. వాతావరణ పీడనం మీద మేము రాసిన జవాబుకు పూర్తి మార్కులు వచ్చాయి. నూనె డబ్బాకు రెండో కన్నం పెట్టిన వాళ్లకు ఎవరూ మార్కులు వేయలేదు. ఆ చేతులు సంపాదించిన డబ్బుతోనే మేము పరీక్ష ఫీజు కట్టాం.