చివరి క్లిప్పు ఎక్కడ తగిలించాలి?

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో ఉంటుంది భన్‌పురి పారిశ్రామిక ప్రాంతం. అటువంటి చోట కారు బ్యాటరీ డౌన్ అయితే సాయానికి ముందుగా కనిపించేది లారీయే. ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంటుంది. కారుది 12 వోల్టుల వ్యవస్థ. భారీ లారీల్లో సాధారణంగా రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులతో నడుపుతారు. లారీ డ్రైవరు మంచి మనసుతోనే ముందుకు రావచ్చు గానీ, ఆ రెండింటినీ నేరుగా కలిపితే కారులోని ఎలక్ట్రానిక్ పరికరాలు కాలిపోవచ్చు, బ్యాటరీ పేలవచ్చు. మరో కారు దొరికేదాకా ఆగడమే మేలు.

కారు దొరికాక రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకుండా నిలిపి, ఇంజిన్లు ఆపాలి. ఎర్ర కేబుల్‌ను ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు. మిగిలిన నాలుగో కొసను మాత్రం డౌన్ అయిన బ్యాటరీ మైనస్‌కు తగిలించకూడదు. బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ మీద రంగు పూయని లోహభాగానికి తగిలించాలి. కారుతో వచ్చిన పుస్తకం వేరే చోటు చెబితే అదే ప్రమాణం.

ఈ పట్టింపు చాదస్తం కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. చివరి క్లిప్పు తగిలించే క్షణంలోనే రవ్వ లేచే అవకాశం ఎక్కువ. అది బ్యాటరీ మీదే లేస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం ముఖాన చిమ్ముతుంది. మంచి కారును కొన్ని నిమిషాలు నడవనిచ్చి రెండోదాన్ని స్టార్ట్ చేయాలి. క్లిప్పులను తగిలించిన వరుసకు వ్యతిరేకంగా విప్పాలి. ఉబ్బిన, పగిలిన, ఆమ్లం కారుతున్న బ్యాటరీ జోలికే పోకూడదు.

ఇంతకీ ఆ ముఖం ఎవరిది? యజమాని తాళంచెవి పట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంటాడు. బానెట్ కింద తల వంచేది వీధి మెకానిక్కో, అతని దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడో. బ్యాటరీలకు 2001లోనే నిబంధనలు వచ్చాయి, 2022లో వాటి స్థానంలో మరింత విస్తృతమైనవి వచ్చాయి. పాత బ్యాటరీని తయారీదారు ఎలా వెనక్కి తీసుకోవాలో, ఎలా రీసైకిల్ చేయించాలో వాటిలో ఉంది. దాని మీద వంగిన మనిషి కళ్లు ఆ నిబంధనల విషయం కాదు. పనిలో నేర్చిన విద్యను గుర్తించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు 2015 నాటి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ధ్రువపత్రంతో పాటు ఒక జత రక్షణ కళ్లద్దాలు ఇస్తే ఖజానా ఖాళీ కాదు.

కేబుల్ కట్ట మీద ఈ నాలుగు అంచెలనూ స్థానిక భాషలో, బొమ్మలతో అచ్చువేయించడం కూడా పెద్ద పనేమీ కాదు. ఆ బాధ్యత ఏ శాఖది? రవాణాదా, కార్మికదా, పర్యావరణానిదా? పర్యావరణ శాఖ పని బ్యాటరీ పూర్తిగా చచ్చాకే మొదలవుతుంది.