నిండుకున్న డబ్బా

బియ్యం డబ్బాలో ముంచిన తవ్వ అడుగున ఠంగుమని తగిలితే మా అమ్మ, "బియ్యం నిండుకున్నాయిరా, బుధవారీ బజారుకి వెళ్ళి తెచ్చీ" అనేది. అయిపోయాయి అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. లేవు అని అసలే అనేది కాదు. పక్క క్వార్టర్లో ఉండే ఛత్తీస్‌గఢీ ఆమెకి మా అమ్మతో ఎన్నో ఏళ్ళ స్నేహం. తెలుగు కాస్త పట్టుబడింది. నిండు అంటే ఏమిటో ఆమెకి తెలుసు. "ఖాళీ డబ్బాని పట్టుకుని నిండింది అంటారేమిటి దీదీ?" అని ఒకరోజు అడిగేసింది. అమ్మ కాసేపు ఆలోచించి, "ఇంట్లో లక్ష్మి ఉంటుంది కదా, లేవంటే ఆవిడ వినేస్తుంది" అంది.

పరిపూర్ణత అనేది నిజంగా ఉందా, లేక చూసేవాళ్ళ చూపులోనే ఉందా అని ఎవరైనా మాట కదిపితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ డబ్బాయే. నిండటానికీ ఖాళీ కావటానికీ ఒకే మాట పెట్టుకున్న భాష మనది. ఇంతకాలం దాన్ని మాట మర్యాద అనుకున్నాను. ఇప్పుడు అంతకంటే లోతైన సంగతి అందులో ఉందనిపిస్తోంది.

మాది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ పుట్టాక ఈ దారిన పట్టాలు పడ్డాయి, స్టేషన్ లేచింది, దాని చుట్టూ కాలనీ పెరిగింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ బయలుదేరిన మనవాళ్ళు ఖరగ్‌పూర్‌లో, చక్రధర్‌పూర్‌లో, టాటానగర్‌లో, ఇక్కడా దిగిపోయారు. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను కలిశాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. మా తాత వచ్చింది ఆ రోజుల్లోనే. కంపెనీ పోయి 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే వచ్చింది. 2003 ఏప్రిల్ 5 నుంచి మా ఊరే సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ముఖ్య కేంద్రం. బోర్డుల మీద పేర్లు మారాయి గానీ మా ఇంట్లో పని మారలేదు. తాత పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌లో చేశాడు, నాన్న కీమ్యాన్.

కీమ్యాన్ అంటే రోజూ తన బీటు పొడుగునా పట్టాల వెంట నడిచి, పట్టాని పట్టి ఉంచే కీలు వదులైతే సుత్తితో కొట్టి బిగించి, విరిగినదీ జారినదీ కనిపెట్టి చెప్పే మనిషి. నాకు పదేళ్ళప్పుడు ఒక జనవరి పొద్దున నాన్న నన్ను వెంట తీసుకెళ్ళాడు. రెండు పట్టాలు కలిసే చోట గొంతుక్కూర్చుని, జేబులోంచి అర్ధరూపాయి బిళ్ళ తీసి వాటి మధ్య సందులో నిలబెట్టాడు. బిళ్ళ సులువుగా దిగింది. రెండు పట్టాల్నీ కలిపి పట్టే ఫిష్‌ప్లేటు మీద గ్రీజు నల్లగా మెరుస్తోంది. మళ్ళీ మే నెలలో, మిట్ట మధ్యాహ్నం, అదే చోటికి తీసుకెళ్ళాడు. బిళ్ళ దూరలేదు. పట్టా మీద చెయ్యి పెట్టబోతే చటుక్కున నా చెయ్యి లాగేశాడు.

"ఏది సరిగ్గా ఉన్నట్టు నాన్నా?" అని అడిగాను.

"రెండూ సరే. చలికాలం మూసుకుపోయుంటే తప్పు, ఎండాకాలం తెరుచుకునుంటే తప్పు. సందు ఇవ్వకపోతే ఇనుము ఎటు పెరుగుద్ది? మెలి తిరిగిపోద్ది" అన్నాడు.

పెద్దయ్యాక లెక్క వేసుకున్నాను. పదమూడు మీటర్ల పట్టా నలభై డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఆరు మిల్లీమీటర్లు పొడుగవుతుంది. ఆ ఆరు మిల్లీమీటర్ల వెలితిని ముందే పెట్టినవాడే పని తెలిసినవాడు. అతుకు కనపడకుండా నున్నగా బిగించినవాడి పని చూడటానికి బాగుంటుంది, మే నెల వచ్చేదాకా. ఇప్పుడు పట్టాల్ని పొడుగ్గా కలిపి వెల్డింగ్ చేస్తున్నారు, బండి వెళ్తుంటే టకటక చప్పుడు వినపడదు. అయినా ఆ పొడుగు పట్టా చివర ఇనుము కదలటానికి ఒక జాయింటు పెట్టక తప్పలేదు.

అంటే అంతా చూసేవాడి చూపేనా? ఈ మాట నాన్న ఒప్పుకునేవాడు కాదు. రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. గేజి కొలబద్ద అడ్డంగా పెడితే చాలు, ఎవరి కన్నుతోనూ పని లేదు. యూరప్‌లో చాలా చోట్ల అది 1435. మా పక్కనే రాయపూర్ నుంచి ధమ్తరీకి చిన్న బండి 762 మీద నడిచింది. ఏ అంకె పెట్టుకోవాలన్నది మనుషుల ఇష్టం. ఒకసారి పెట్టుకున్నాక అది ఇష్టం కాదు, బండిలో నిద్రపోతున్న వెయ్యి మంది ప్రాణం. పైగా చక్రం అంచుకీ పట్టాకీ మధ్య కూడా కాస్త ఆట వదులుతారు. పట్టీ పట్టనట్టు ఉంటేనే బండి వంపు తిరుగుతుంది. మంచి పని నాకు చిన్నప్పుడే కనిపించింది. అందులో వెలితి లేకపోలేదు. ఉండాల్సిన చోట, ఉండాల్సినంత ఉంది.

ఉండకూడని చోట ఉన్న వెలితి సంగతి వేరు. దాన్ని చెప్పే కవిత ఒకటి ఉంది, కథ నడిచేది ఎక్కువగా మా స్టేషన్లోనే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో తెచ్చిన 'పలాతక' సంపుటిలో 'ఫాంకి' అని. ఆ బెంగాలీ మాటకి మోసం అనీ, వెలితి అనీ రెండర్థాలూ వస్తాయి. జబ్బు మనిషి బిను, గాలి మార్పు కోసం భర్తతో బయలుదేరుతుంది. ఆమెకి అదే మొదటి రైలు ప్రయాణం. బిలాస్‌పూర్‌లో బండి మారాలి, ఆరు గంటలు ఆగాలి. వెయిటింగ్ రూములో రుక్మిణి అనే కూలీ భార్య ఆమెతో కష్టం చెప్పుకుంటుంది. కూతురి పెళ్ళికి పాతిక రూపాయలు కావాలి. ఇచ్చి తీరాలని బిను భర్తను అడుగుతుంది. సరేనంటాడు. రుక్మిణిని పక్కకి పిలిచి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. రెండు నెలలకి బిను చనిపోతుంది, ఆ రెండు నెలలూ తన బతుకు నిండిందన్న తృప్తితో. తిరుగు ప్రయాణంలో అతను బిలాస్‌పూర్‌లో దిగి రుక్మిణి కోసం వెతుకుతాడు. వాళ్ళు ఊరు వదిలి ఎటో వెళ్ళిపోయారు.

బిను దృష్టిలో ఆ రెండు నెలలు నిండు. భర్త దృష్టిలో ఇరవై మూడు రూపాయల వెలితి. ఇద్దరి చూపూ నిజమే, ఎవరి దృష్టి వాళ్ళది అని ఇక్కడితో వదిలేయచ్చు. చాలామంది వదిలేస్తారు కూడా. మరి రుక్మిణి సంగతేమిటి? ఆమె చేతిలో ఉన్నది రెండు రూపాయలు. ఏ కోణం నుంచి చూసినా అవి పాతిక కావు. నిండుతనం చూసేవాళ్ళ మనసులో ఉంటే ఉండచ్చు గానీ, వెలితి మాత్రం ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది, దాన్ని లెక్కపెట్టచ్చు. పరిపూర్ణత మీద వాదించే పుస్తకాలు కొన్ని చదివాను. వాటిలో ఈ మూడో మనిషి నాకు కనపడలేదు.

మా అమ్మకి కనపడేది. రైల్వే క్వార్టర్లకి గోడ ఒకటే. అవతలింట్లో డబ్బా అడుగున తవ్వ తగిలితే మా వంటింట్లో వినపడేది. నెలాఖరున ఆ చప్పుడు వినగానే అమ్మ చేట పట్టుకుని మా డబ్బాలో చెయ్యి పెట్టేది. మాకూ అడుగున మూడు నాలుగు గుప్పిళ్ళే ఉన్న రోజులు నాకు తెలుసు. అందులో సగం చేటలో పోసి, "వాళ్ళింట్లో నిండుకున్నాయిరా, ఇచ్చి రా" అనేది. ఇంటికైతే లక్ష్మి వింటుందని భయం. పక్కింటికీ అదే మాట ఎందుకు వాడేదో, వాళ్ళింట్లో లేవు అని నాతో కూడా ఎందుకు అనేది కాదో అర్థం కావటానికి నాకు సగం జీవితం పట్టింది.

బారాఖోలీ దగ్గర షోలాపూరీ మాత పూజకి కాలనీ తెలుగువాళ్ళందరం కలుస్తాం. మా మాటల్లో సగం హిందీ. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు మీది సరైన తెలుగు కాదంటారు. కాదు, ఒప్పుకుంటాను. మా అమ్మాయికి తెలుగు చదవటం రాదు, అది నాకు నిజమైన బాధ. అయితే మొన్న మా వంటింట్లోంచి ఆమె గొంతు వినపడింది: "నాన్నా, చావల్ నిండుకున్నాయి." మరో మాటైతే సరిదిద్దేవాణ్ణి.

కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మనవి. ఠాగూర్ కవితని మా స్టేషన్‌లో రాసి పెట్టారు. బండి ఆగినప్పుడు వీలైతే దిగి దాని ముందు ఒక్క నిమిషం నిలబడండి. రుక్మిణి కూతురి పెళ్ళి జరిగిందో లేదో అందులో లేదు.