తీగ లాగితే

ఆగస్టు 20, 2025, బుధవారం. నాగోల్

పొద్దున్నుంచి నెట్ లేదు. గోడకున్న ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్ర లైటు వెలుగుతోంది. అది ఎర్రబడిందంటే ఇక ఇంట్లో కుస్తీ దండగ. గాజుపోగులోంచి రావాల్సిన వెలుతురే రావట్లేదు, రూటర్ ఎన్నిసార్లు ఆపి వేసి ఏం లాభం?

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేశాను. "మీదొక్కటే కాదు సార్, కాలనీ మొత్తం డౌన్. స్తంభాల మీద వైర్లన్నీ కట్ చేస్తున్రు."

విసుక్కోవడానికి నోరు రాలేదు. ఆదివారం రాత్రి రామంతాపూర్ గోకుల్‌నగర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. పక్క పేటే. ఆ తర్వాతే కరెంటు స్తంభాల మీది కేబుళ్ల తొలగింపు మొదలైంది.

ఆగస్టు 21

ఇంటి నుంచి పనిచేసేవాళ్లంతా లాప్‌టాప్ బ్యాగులతో మెట్రో స్టేషన్లో తేలారు. బండి నాగోల్లోనే బయల్దేరుతుంది కాబట్టి మాకు సీటు ఖాయం. రాయదుర్గం దాకా కునుకు తీయొచ్చు.

ఆగస్టు 23

తెగిన తీగల చుట్ట ఒకటి మలుపు దగ్గర ఫుట్‌పాత్ మీద పడుంది. సగం పాత టీవీ కేబులే. అద్దెకున్నవాళ్లు ఇల్లు మారతారు, కొత్తవాళ్లు కొత్త కనెక్షన్ తీసుకుంటారు. పాత తీగను మాత్రం ఎవరూ దింపరు. ఫైబర్‌లో గాజు కరెంటును మోయదు నిజమే, కానీ బరువు ఆపడానికి పక్కన నడిపించే స్టీలు తీగ శుభ్రంగా మోస్తుంది. ఈ తొలగింపు వ్యవహారం హైకోర్టుకెక్కింది. కోర్టు ఏం చెప్పినా సరే, చచ్చిన తీగల్ని దింపించే పని ఎప్పుడో జరగాల్సింది.

ఆగస్టు 25

కేబుల్ అబ్బాయి వచ్చాడు. స్ప్లైసింగ్ మిషన్ నాచారంలో ఇంకో ఆపరేటర్ దగ్గర ఉందట, అడిగి తెచ్చాడు. పై తొడుగు ఒలిచి, పోగును స్పిరిట్‌తో తుడిచి, కొస నిటారుగా కోశాడు. పోగు మందం 125 మైక్రాన్లు, వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే గానీ ఆనలేదు. రెండు కొసలూ మిషన్లో పెట్టి మూత వేయగానే చిన్న తెరమీద అవి ఎదురెదురుగా జరిగి ఒక్క మెరుపుతో అతుక్కున్నాయి. ఇంట్లోకొచ్చి వెలుతురు కొలిచే మీటరు పెట్టాడు. "మైనస్ ఇరవై ఒకటి. బాగనే ఉంది సార్. ఇరవై ఏడు దాటితేనే కష్టం." ఎర్ర లైటు ఆరింది.

ఆగస్టు 26

వైఫైలో ఫోన్‌కి వేగం రెండొందల మెగాబిట్లు దాటుతోంది. వైరు పెట్టిన కంప్యూటర్ మాత్రం 94 దగ్గర కదలనంటోంది.

వెతకడానికి నాకో వరస ఉంది. ముందు లైట్లు చూస్తాను, తర్వాత రూటర్ చిరునామా 192.168.1.1ని పింగ్ చేస్తాను, ఆ తర్వాత బయటున్న గూగుల్ సర్వర్ 8.8.8.8ని, చివరికి ఏదైనా సైటు పేరుని. రూటర్ పలికి 8.8.8.8 పలక్కపోతే తప్పు గడప అవతల. అదీ పలికి పేర్లు మాత్రం తెరుచుకోకపోతే తప్పు పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌ది. ఇవాళ అన్నీ పలికాయి. వేగమే లేదు.

94 అనే అంకెలోనే గుట్టుంది. వంద మెగాబిట్ల లింకులో చేతికొచ్చేది దాదాపు అంతే. నెట్‌వర్క్ వైరులో ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. వందకు నారింజ, ఆకుపచ్చ జంటలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. నీలంలోనో గోధుమలోనో ఒక్క తీగ తెగినా లింకు చప్పుడు చేయకుండా వందకు దిగిపోతుంది. నెట్ "పనిచేస్తూనే" ఉంటుంది, అదే దీంతో చిక్కు. వైరు వెంట చేత్తో తడుముతూ వెళ్తే బీరువా వెనక మేకు క్లిప్పు దగ్గర నొక్కుకుపోయి కనిపించింది. ఒలిస్తే గోధుమ తీగ రెండు ముక్కలు. అక్కడికి కోసేసి, రంగుల వరస చూసుకుని కొత్త ప్లగ్గు నొక్కాను. ఇప్పుడు మూడొందలు, ప్లాన్లో ఉన్నంతా.

ఆగస్టు 28

చవితి మర్నాడు. కింది వాటా అంకుల్ పిలిచారు: "బాబూ, కంప్యూటర్‌లో వైరు లేదంటోంది. ఫోన్‌లోనూ నెట్ చచ్చింది."

రూటర్ మీద లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. చూస్తే ఒకే వైరు రెండు కొసలూ రూటర్లోనే ఉన్నాయి. పంపింది దానికే తిరిగొస్తోంది, అది మళ్లీ పంపుతోంది. పండగ సర్దుళ్లలో వేలాడుతున్న కొసను ఎవరో పద్ధతిగా ఖాళీ రంధ్రంలో పెట్టేశారు. తీసి కంప్యూటర్‌కి పెట్టాను. ఎవరు పెట్టారో అని అంకుల్ విచారణ మొదలుపెట్టారు. ఆంటీ ఇచ్చిన రెండు ఉండ్రాళ్లు పట్టుకుని నేను పైకొచ్చేశాను.