ఆఖరి లీటరు ఖరీదు

ఇంట్లో నీళ్లు ఆదా చేస్తే ఎంత మిగులుతుందన్నది, ఆ ఇల్లు ఆఖరి లీటరును ఎంతకు కొంటోందన్న దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన పథకం కింద, మీటరూ ఆధార్ అనుసంధానమూ ఉన్న ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రామాణిక లెక్కన నలుగురికి నెలకు అయ్యేది 16,200 లీటర్లే. నల్లా నీళ్లతోనే గడిచే అలాంటి ఇంట్లో పొదుపు ఎంత మంచిదైనా బిల్లు రూపాయి కూడా తగ్గదు. బోరు ఎండి ట్యాంకరు తెప్పించుకునే ఇంటి సంగతి వేరు. 5,000 లీటర్ల ట్యాంకరు వెయ్యి రూపాయలనుకుంటే లీటరు 20 పైసలు పడుతుంది.

ఆ ధరకు మొదట కళ్లు పెట్టాల్సింది లీకుల మీద. చుక్కలు కారే నల్లా కింద రాత్రి బకెట్ పెట్టి పొద్దున మగ్గుతో కొలిస్తే లెక్క తేలిపోతుంది. ఎనిమిది గంటల్లో ఏడు లీటర్లు చేరితే నెలకు 630 లీటర్లు, అంటే 126 రూపాయలు. మార్చాల్సిన వాషర్ ఖరీదు అందులో చిన్న వంతు. ఫ్లష్ ట్యాంకు లీకు కంటికి కనపడదు. ట్యాంకులో చిటికెడు మిఠాయి రంగు కలిపి అరగంట ఆగాలి. ఫ్లష్ నొక్కకుండానే కమోడ్‌లోకి రంగు దిగితే వాల్వు పాడైనట్టే.

నిమిషానికి 12 లీటర్లు వదిలే వంటింటి నల్లాకు ధారను సగానికి తగ్గించే ఎరేటర్ బిగిస్తే, రోజుకు పావుగంట వాడకంలో 90 లీటర్లు మిగులుతాయి. నెలకు 540 రూపాయలు. బకెట్లు నింపే నల్లాకు పెడితే మాత్రం దండగే, బకెట్ నిండటానికి ఇంకాస్త సేపు పడుతుందంతే. అపార్ట్‌మెంట్లలో ట్యాంకరు ఖర్చును ఫ్లాట్లన్నీ సమానంగా పంచుకుంటే, పొదుపు చేసినవారికి దక్కేది అందులో ఒక్క వంతే. ఫ్లాటుకో మీటరు పెట్టాకే ఈ లెక్కలు ఎవరి జేబుకు వాళ్లకు కనపడతాయి.

పెరటి మొక్కలకు ఎండాకాలంలో పొద్దున్నే నీళ్లు పెట్టి, మొదళ్ల చుట్టూ ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే తడి త్వరగా ఆరదు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయవచ్చు. ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లలో లవణాలెక్కువ కాబట్టి వాటిని కుండీలకు కాక నేల తుడవడానికి వాడుకోవాలి.

పెద్ద ఖర్చు వాన నీటి ఏర్పాటు. 100 చదరపు మీటర్ల డాబా మీద 800 మిల్లీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు. తరుగు పోగా 64,000 చేతికొచ్చినా దాదాపు పదమూడు ట్యాంకర్లు. అయితే ఆ వానలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది కనుక, సంపులో పట్టినంతవరకే ఇంటి లాభం. మిగిలింది ఇంకుడు గుంతలోకి పోతుంది, దాని ఫలం వీధిలోని బోర్లన్నిటిదీ. గుంత పైపొరలోని ఇసుకను ఏటా మృగశిర కార్తెలోపే తీసి కడగాలి. పూడిక పడితే నీళ్లు ఇంకవు.