ఏ తొవ్వన పోయినవ్?

మా జగిత్యాల వైపు దారిని తొవ్వ అంటారు. నా తప్పుల గురించి నన్ను ఎందరో ఎన్నో విధాలుగా ప్రశ్నించారు గానీ, మనసులో నాటుకున్న ప్రశ్న మాత్రం ఒక్కటే. "ఏ తొవ్వన పోయినవ్, నాయనా?" 2004లో, తపస్సు కాలంలో, పాపసంకీర్తనానికి మోకరిల్లిన నన్ను తెర అవతలి నుండి ఒక ముసలి గురువు అడిగిన ప్రశ్న అది. ఆయనది కోస్తా. ఏళ్ళ తరబడి మా మధ్య ఉండి మా మాట నేర్చుకున్నారు.

అప్పుడు నేను కోరుట్లలో ఒక దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. జగిత్యాల నుండి పాతిక కిలోమీటర్ల బస్సు ప్రయాణం. జీతం అందిన సాయంత్రం దుకాణం నుండి బస్టాండుకు పోయే అడ్డదారిలో ఒక మేడ మీది గది ఉండేది. అక్కడ మూడు ముక్కలాట నడిచేది. మెట్ల దగ్గర ఎవరో ఒకరు పలకరించేవారు. ఒక్క ఆట అనుకుని ఎక్కేవాణ్ణి. ఆఖరి బస్సుకు దిగేవాణ్ణి. ఇంట్లో అమ్మ బీడీలు చుట్టేది. బీడీల కూలి వెయ్యికి ఇంత అని కడతారు. నేను పోగొట్టుకున్న సొమ్ము అమ్మ చుట్టవలసిన ఎన్ని వేల బీడీలకు సమానమో బస్సులో కూర్చుని లెక్క వేసుకునేవాణ్ణి. లెక్కలు రాయడమే కదా నా వృత్తి!

నెలనెలా అదే పాపం, అదే సంకీర్తనం, అదే కన్నీరు. ఈసారి పెద్ద ప్రాయశ్చిత్తమే విధిస్తారని సిద్ధపడి వెళ్ళాను. ఆయన మాత్రం తొవ్వ గురించి అడిగారు.

"బస్టాండుకు దగ్గరి తొవ్వ అదే, ఫాదర్" అన్నాను.

"దూరపు తొవ్వ లేదా?"

"ఉన్నది."

"నెల రోజులు ఆ తొవ్వన నడువు. నడుసుకుంట ఒక మంగళవార్త జపం చెప్పుకో."

అంతే. నిజం చెప్పవద్దూ, నాకు చిన్నతనంగా అనిపించింది. నా ఆత్మ పడుతున్న సంఘర్షణ ఇంత పెద్దదైతే, ఈయన నాకు వీధి మార్చుకొమ్మని చెబుతాడేమిటి?

ఆ మాట వెనుక ఎంత ఆలోచన ఉన్నదో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. శోధన వేరు, పాపం వేరు అని కతోలిక సంప్రదాయం మొదటినుండీ చెబుతుంది. యేసుప్రభువు సైతం నలభై దినాలు అరణ్యంలో శోధనను ఎదుర్కొన్నాడు. మనసులో కోరిక మెదలడం పాపం కాదు. తెలిసీ తెలిసీ దానికి సమ్మతించడం పాపం. అయితే ఈ రెంటి మధ్య మూడవది ఒకటి ఉన్నది. దానిని పాప సందర్భం అంటారు. ఏ చోట, ఏ సహవాసంలో, ఏ వేళలో మనం తరచు పడిపోతామో అది సమీప సందర్భం. మనస్తాప జపంలో మనం చేసే ప్రతిజ్ఞలో, పాపం చెయ్యనని చెప్పడంతో పాటు ఆ సందర్భాలను తొలగించుకుంటానన్న మాట కూడా ఉన్నది. ఆ రెండవ సగాన్ని నేను ఎన్నడూ చెవిన పెట్టలేదు.

అగస్టీను మహర్షి తన ఆత్మకథ ఆరవ అధ్యాయంలో అలీపియుసు అనే మిత్రుని వృత్తాంతం చెబుతాడు. న్యాయశాస్త్రం చదవడానికి రోమునగరం వచ్చిన ఆ యువకునికి మనుషులు చంపుకునే మల్లక్రీడలంటే అసహ్యం. మిత్రులు బలవంతాన లాక్కుపోయారు. శరీరాన్ని తీసుకుపోగలరు గానీ మనసును కాదని అతడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చెవులు మూసుకోవడం మరిచాడు. జనం ఒక్కసారిగా కేక వేయగానే ఏమైందోనని కళ్ళు తెరిచాడు. అంతటితో సరి. ఆ తరువాత ఇతరులను కూడా తానే వెంటబెట్టుకు వెళ్ళేవాడయ్యాడు. అలీపియుసు దుర్మార్గుడు కాడు. తరువాతి కాలంలో తగాస్తె పట్టణానికి పీఠాధిపతి అయినవాడు. తన బలాన్ని నమ్ముకుని ఆ ఆసనంలో కూర్చోవడమే అతడు చేసిన పొరపాటు. నేనూ మేడ మెట్ల దగ్గర ప్రతి నెలా అదే పని చేశాను.

ఆ గదిలోని వాళ్ళు నా మిత్రులు, అవసరానికి అప్పు ఇచ్చేవాళ్ళు, వాళ్ళను ఒక్కసారిగా వదులుకోవడం ఎలాగని లోలోపల వాదించుకున్నాను కూడా. ఈ వాదం నాకంటే చాలా పాతది. ఏదైనా ప్రయోజనకరమైన కారణం ఉంటే సమీప సందర్భాన్ని వదలనక్కర లేదని కొందరు పండితులు బోధించగా, 1679లో పదకొండవ ఇన్నోసెంటు పాపుగారు ఆ బోధను తోసిపుచ్చారు. రోమునగరంలో తేలిన ఆ తగవు మా ఊరికి ఎలా చేరిందంటారా? మా ఉమ్మడి కరీంనగర్ జిల్లా కతోలికులం వరంగల్ మేత్రాసనం వాళ్ళం. 1952లో ఏర్పడిన ఆ మేత్రాసనానికి మొదటి పీఠాధిపతి ఇటలీ దేశస్థుడు అల్ఫోన్సో బెరెట్టా. గురువులూ ఉపదేశులూ లాటిను గ్రంథాల సారాన్ని మా తెలుగులోకి దించి ఊరూరా చెప్పుకుంటూ వచ్చారు. అట్లా దిగివచ్చిన మాటే "ఏ తొవ్వన పోయినవ్?"

దూరపు తొవ్వన నడిచాను. మొదటి నెల ఫలించింది. మూడవ నెల ఒకసారి మళ్ళీ అడ్డదారి పట్టాను. నాలుగవ నెల నుండి ఆ మెట్లు నాకు కనబడలేదు. నా మనసు మారి కాదు. కాళ్ళు మారాయి, మనసు వాటి వెనుక నెమ్మదిగా నడిచింది.

ఈ కథ ఇక్కడితో ముగిస్తే మంచి ప్రసంగమయ్యేది. కానీ తొవ్వ మార్చుకునే వీలే లేనివాని సంగతేమిటి? నాకు ఈ ప్రశ్న మా బాపు వల్ల కలిగింది.

బాపు 1990ల తొలి సంవత్సరాలలో సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. పన్నెండు గంటల పని. ఆ చప్పుడులో పక్కవాని మాట వినబడదు. ఆయన పనిచేసిన షెడ్డులో శనివారం కూలి డబ్బులు ఇచ్చేవారు. షెడ్డు ఎదుటనే కల్లు దుకాణం. ఆదివారం బాపు ఇంటికి వచ్చేసరికి జేబులో మిగిలేది కొంచెమే. ఆయన మంచివాడు. దివ్యబలిపూజ మానేవాడు కాదు. ఒక ఆదివారం గుడి ఆవరణలో వేపచెట్టు కింద అప్పటి విచారణ గురువు ఆయనకు హితవు చెప్పబోగా, "నా సాంచె గక్కడ్నే ఉన్నది, కల్లు దుకాణం గక్కడ్నే ఉన్నది. నేను ఎటు పోవాలె, ఫాదర్?" అన్నాడట. సాంచె విడిచిపెడితే ఇంట్లో పొయ్యి వెలగదు. తరువాతి ఏళ్ళలో కార్మికుల ఆత్మహత్యలతో పత్రికలకెక్కిన ఊరది. అక్కడ పని మానుకొమ్మని ఎవరు చెప్పగలరు?

శాస్త్రం ఇటువంటివాణ్ణి విడిచిపెట్టలేదు. పద్దెనిమిదవ శతాబ్దపు అల్ఫోన్సు లిగోరి వంటి నీతిశాస్త్రకారులు సందర్భాలను రెండుగా విభజించారు. మనం కోరి వెళ్ళేది ఐచ్ఛికం. పెద్ద నష్టం లేకుండా విడువలేనిది అనివార్యం. మొదటిదానిని విడువవలసిందే. రెండవదానిలో ఉంటూనే, ప్రార్థనతో, దివ్యసంస్కారాలతో, జాగ్రత్తతో దగ్గరి దానిని దూరం చేసుకోవాలి. లిగోరిని 1950లో పాపసంకీర్తనం వినే గురువులకు పాలకపునీతునిగా ప్రకటించారు. ఆ గౌరవం ఎందుకో నాకు ఈ ఒక్క విభజనతోనే అర్థమైంది.

ఆ గురువు బాపుకు ఏమి సలహా ఇచ్చారో నాకు చాలా కాలం తెలియదు. నాకు పన్నెండేళ్ళు. శనివారం బడి ఒంటిపూట. అమ్మ నన్ను వేములవాడ మీదుగా సిరిసిల్లకు బస్సెక్కించేది. బాపు పని దిగే వేళకు షెడ్డు గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. ఆయన కూలి డబ్బులు నా చొక్కా జేబులో పెట్టి, నా చెయ్యి పట్టుకుని, ఎదుటి దుకాణం వైపు చూడకుండా నడిచేవాడు. మిర్చి బజ్జీలు కొనిపెట్టేవాడు. రాత్రి ఆయన గదిలో పడుకుని, తెల్లవారి మొదటి బస్సుకు పూజకు వచ్చేవాళ్ళం. బజ్జీల కోసమే నేను పోతున్నానని అనుకున్నాను. నాకు జ్వరం వచ్చిన వారం బాపు ఆదివారం రాలేదు, సోమవారం వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు.

బాపు పోయాక, నా పేకాట సంగతి అమ్మకు ఒకనాడు చెప్పుకున్నాను. ముసలి గురువు అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. "మీ బాపుకు వేరే తొవ్వ లేకుండె, కొడుకా. ఒక్కన్ని పోనియ్యకు అన్నడు ఫాదర్. అందుకే నిన్ను తోలిన" అన్నది.

పాపానికి దూరంగా ఉండడం ఒంటరి మనిషి తన సంకల్పంతో సాధించే విజయమని నేను అంతవరకు భావించాను. నా మటుకు నాకు ఆ అభిప్రాయం ఆనాటితో పోయింది. తొవ్వ మార్చుకోగలిగినవాడు మార్చుకోవాలి. మార్చుకోలేనివానికి పక్కన ఒక మనిషి కావాలి.

ఇది పాత కథ అని ముగించలేను. 2020లో ఇంట్లో కూర్చున్న రోజులలో ఆ మేడ మీది గది నా ఫోనులోకి వచ్చింది. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. వేరే రాష్ట్రంలో ఉన్నట్లు చూపి ఆడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధం విధిస్తూ చట్టం చేసింది. సంతోషమే. కానీ ఫోను లేకుండా నా ఉద్యోగం నడవదు. మా బాపుకు సాంచె ఎట్లాగో నాకు ఇది అట్లాగే.

అందుచేత బ్యాంకు సందేశాలు ఇప్పుడు మా ఆవిడ నంబరుకు వస్తాయి. రాత్రి జపమాల ముగిసిన తరువాత ఫోను వంటింటి అలమరలో పప్పు డబ్బాల పక్కన ఉంటుంది. నేను మరిచిపోయినట్లు నటించిన రోజున మా అమ్మాయి చెయ్యి చాపుతుంది. "డాడీ, ఇటియ్యి" అంటుంది. దానికి పన్నెండేళ్ళు. ఎందుకు తీసుకుంటున్నదో దానికింకా తెలియదు.